షుగర్ ఉన్న ఇంటికి పిండి ఎలా ఆడించుకోవాలి

రాజాంలో మాకు పిండి మర ఉంది, నాన్నగారి కాలం నుంచి. అప్పట్లో చోళ్లు, అంటే రాగులు, తెచ్చేవాళ్లు ఎక్కువగా పల్లెల నుంచి వచ్చే రైతులు, కూలి చేసుకునేవాళ్లు. ఇప్పుడు టౌన్లో మేడలున్నవాళ్లు కూడా తెస్తున్నారు. డబ్బా కింద పెడుతూనే చాలామంది చెప్పే మాట ఒకటే: "బాబూ, షుగర్ మనిషికి. బాగా మెత్తగా ఆడు."

నేను వెంటనే మర వెయ్యను. "దేనికి పిన్నీ? జావకా, రొట్టెకా, ముద్దకా?" అని అడుగుతాను. జావకే అంటే మాత్రం మెత్తగా వద్దని చెప్తాను. "చోడే కదేటి బాబూ, షుగరెందుకు పెరుగుతాది?" అంటారు. వెనక లైను ఉంటుంది, అక్కడ విడమరచి చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నాకూ షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది. డాక్టరు గారు చెప్పినదీ, నేను చదువుకున్నదీ, మర దగ్గర కళ్లతో చూస్తున్నదీ కలిపి చెప్తాను.

తిన్నాక షుగర్ ఎంత ఎగురుతుందన్నది గింజ పేరు కంటే, ఆ గింజను మనం ఏం చేశామన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పైపొర ఉంచామా తీసేశామా, నూకగా ఉంచామా పొడి చేశామా, గట్టిగా వండామా పల్చగా కాచామా. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పీచు లోపల చేసే పని

అన్నమైనా రొట్టెయినా పేగులోకి వెళ్లాక అందులోని పిండిపదార్థం విడిపోయి గ్లూకోజు అవుతుంది. ఎంత తిన్నామన్నది ఒక లెక్క, అది ఎంత వేగంగా విడిపోయిందన్నది ఇంకో లెక్క. పీచు మనకు జీర్ణం కాదు కాబట్టి దానివల్ల గ్లూకోజు రాదు. పక్కనున్న పిండిపదార్థం విడిపోయే వేగాన్ని మాత్రం అది మార్చగలదు. ఎంత మారుస్తుందన్నది ఏ రకం పీచు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ధాన్యాల్లో పీచు రెండు రకాలు. ఒకటి నీళ్లు తగిలితే జిగురుగా మారేది. బార్లీ, ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అలాంటిది. ఉడికించిన ఓట్స్ గరిటెకి సాగుతూ అంటుకుంటాయి కదా, ఆ జిగురు అదే. కడుపులోని ఆహారాన్ని అది చిక్కబరుస్తుంది. కడుపు ఖాళీ అవడం ఆలస్యమవుతుంది, గ్లూకోజు పేగు గోడను చేరి రక్తంలో కలవడానికీ సమయం పడుతుంది. తిన్నాక షుగర్ ఎగరకుండా కొంత పట్టి ఉంచడంలో ధాన్యపు పీచుల్లో దీనికే గట్టి రుజువులున్నాయి.

రెండోది కరగని పీచు. వరి తవుడు, గోధుమ పొట్టు, చోడి పైపొర ఈ రకం. ఇది జిగురవదు. తెల్లన్నంలో రెండు చెంచాల గోధుమ పొట్టు కలుపుకుంటే ఆ పూట షుగర్ పెద్దగా తగ్గదు. మలబద్ధకం తగ్గుతుంది, అదీ మంచిదే. అయితే ఈ పీచు గింజలో తన చోటులో తాను ఉన్నప్పుడు సంగతి వేరు. లోపలి పిండి చుట్టూ గోడలా నిలబడి, జీర్ణరసాలు తొందరగా లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. మరలో మెత్తగా ఆడించినప్పుడు ఆ గోడ పొడి అయిపోతుంది. పీచు తూకం తగ్గదు, ప్యాకెట్ మీద అంకె మారదు, కానీ అడ్డుకునే పని చాలావరకు పోతుంది.

ఇందుకే పీచు అంకె ఒక్కటే చూసి గింజను ఎంచుకోవద్దంటాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 2.8 గ్రాములు, ముడి బియ్యంలో 4.4, జొన్నల్లో 10.2, చోళ్లలో 11.2, గోధుమ పిండిలో 11.4, గంటెల్లో, అంటే సజ్జల్లో, 11.5, బార్లీలో 15.6. మైదాలో 2.8 మాత్రమే. చోళ్లూ గోధుమ పిండీ దాదాపు సమానమే చూడండి. అయినా గోధుమ నూక ఉప్మా, గోధుమ పిండి చపాతీ, చోడి ముద్ద, చోడి జావ, ఈ నాలుగూ తిన్నాక మీటరు నాలుగు రకాలుగా చూపిస్తుంది.

కరగని పీచు వల్ల ఆ పూట లాభం లేకపోతే తినడం దండగ అనుకోవద్దు. వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనల్లో, ధాన్యపు పీచు ఎక్కువగా తినేవాళ్లలో టైప్ 2 షుగర్ వచ్చినవాళ్లు తక్కువగా ఉన్నారు. పండ్ల పీచు కంటే ధాన్యపు పీచుతోనే ఈ సంబంధం గట్టిగా కనబడింది. షుగర్ ఉన్నవాళ్ల పిల్లలకు ఈ సంగతి మరీ ముఖ్యం. ఇంట్లో ఒక్కరికే వేరే వంట అని కాకుండా అందరికీ ఒకటే వండుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. పెద్దలు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మూడు పూటలా తెల్లన్నమే తింటూ, కూర నంజుకున్నట్టు వేసుకుంటే ఆ లెక్కకి చేరలేం.

చోళ్లు: జావ వేరు, ముద్ద వేరు

చోడి గింజ చిన్నది, దాని పైపొర లోపలి పిండిని అంటిపెట్టుకుని ఉంటుంది. బియ్యంలా పాలిష్ పట్టడం కష్టం. అందుకే చోళ్లు ఎప్పుడూ పొరతోనే తింటాం, అది మన అదృష్టం. ఆ ఎర్రటి పొరలో పీచుతోపాటు, పిండిని విడగొట్టే జీర్ణరసాన్ని కాస్త నెమ్మదింపజేసే పదార్థాలు కూడా ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్లాక సన్న జల్లెడతో జల్లించి, పైన మిగిలిన పొట్టు పారబోస్తే ఆ రెండూ తగ్గిపోతాయి. చోడి పిండి జల్లించకండి. రాళ్లు, మట్టి ఉంటాయని భయమైతే ఆడించక ముందే చోళ్లను నీళ్లలో గాలించి, బాగా ఎండబెట్టి తీసుకురండి.

ఇక జావ సంగతి. మెత్తటి పిండిని ఎక్కువ నీళ్లలో పల్చగా కాస్తే పిండిపదార్థం పూర్తిగా ఉబ్బి, విడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. నమలక్కర్లేదు, గ్లాసు ఎత్తితే నిమిషంలో అయిపోతుంది, కడుపులోనూ ఎక్కువసేపు నిలవదు. పైగా బెల్లం వేస్తారు. అదే చోడి పిండి ముద్దగా తిన్న రోజు కంటే జావగా తాగిన రోజు నా మీటరులో అంకె బాగా ఎక్కువ వస్తుంది.

మొలకల చోడి పిండి, అదే మాల్ట్, ఇంకో మెట్టు పైన. చోళ్లు మొలకెత్తినప్పుడు గింజలోనే పిండిని చక్కెరగా విడగొట్టే రసం పుడుతుంది. అందుకే మాల్ట్ జావ పల్చగా, కొంచెం తియ్యగా ఉంటుంది. అరుగుదల సులువు కాబట్టి పసిపిల్లలకు మంచిది. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం అదే బలం అనుకుని రోజూ పొద్దున్నే తాగడం సరికాదు. మా దగ్గరకు వచ్చేవాళ్లలో మనవడికీ తాతగారికీ ఒకే డబ్బా ఆడించుకునేవాళ్లున్నారు. దయచేసి రెండు డబ్బాలు తెచ్చుకోండి.

జావ మానలేనివాళ్లుంటారు, నాకు తెలుసు. ఎండాకాలం పొలం వెళ్లే మనిషికి అంబలి లేకపోతే గడవదు. వాళ్లు బెల్లం మానేసి, చిక్కగా కాచి, మజ్జిగా ఉల్లిపాయా కలుపుకుని, పక్కన గుప్పెడు ఉడకబెట్టిన ఉలవలో, ఒక గుడ్డో తింటే ఎగురుడు కొంత తగ్గుతుంది. గ్లాసు మాత్రం చిన్నది తీసుకోవాలి.

ఏ రకం చోళ్లు మంచివని కూడా అడుగుతుంటారు. మన విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచే శ్రీచైతన్య, వేగవతి లాంటి మంచి రకాలు వచ్చాయి. రైతుకు దిగుబడి విషయంలో ఆ తేడాలు ముఖ్యం. షుగర్ విషయంలో రకం గురించి బుర్ర పాడుచేసుకోకండి, ఎలా ఆడిస్తున్నారో ఎలా వండుతున్నారో చూసుకోండి, చాలు.

మర దగ్గర ఏం అడగాలి

మర రాళ్లను బిగిస్తే మెత్తటి పిండి, వదులు చేస్తే నూక వస్తుంది. ఇది మా చేతిలో పని, మీరు అడగాలంతే. రొట్టెకైతే కొంచెం గరుకుగా, వేళ్ల మధ్య రాస్తే పలుకు తగిలేలా ఉంటే చాలు. ముద్దకి, ఉప్మాకి నూకగా ఆడించమనండి. గోధుమలు తెచ్చేవాళ్లు సగం పిండి, సగం నూక చేయించుకుంటే వారంలో కొన్ని రోజులు చపాతీ బదులు గోధుమ నూక ఉప్మా చేసుకోవచ్చు. జొన్నలకూ అంతే.

ఇంకో సంగతి. మరలో ముందు వాళ్లు ఆడించిన పిండి కొంత లోపల ఉండిపోతుంది, అది మీ డబ్బాలోకి వస్తుంది. మీ ముందు అట్లకని బియ్యం ఆడించి ఉంటే మీ పిండిలో మొదట పడేది బియ్యప్పిండే. గోధుమలో చోళ్లో ఆడించినవాళ్ల తర్వాత మీ వంతు వచ్చేలా అడగండి. లేదా మొదట వచ్చిన పిండిని విడిగా పట్టించి వేరే పనికి వాడుకోండి.

గంటెల పిండి త్వరగా చేదెక్కుతుంది, ఆ గింజలో నూనె ఎక్కువ. ముడి బియ్యం పిండి కూడా నిలవ ఉండదు. ఈ రెండూ వారానికి సరిపడా మాత్రమే ఆడించండి. చోడి పిండి, జొన్న పిండి ఇంకొన్నాళ్లు ఆగుతాయి.

సంతలో సామలు, కొర్రలు కొనేటప్పుడు రంగు చూడండి. మరీ తెల్లగా మెరిసేవి పాలిష్ పట్టినవి, వాటిలో పీచు బాగా పోయి ఉంటుంది. కాస్త మట్టిరంగుగా, మెరుపు లేకుండా ఉన్నవి తీసుకోండి. సీతంపేట, పార్వతీపురం కొండల వైపు నుంచి వచ్చేవి దొరికితే వదలకండి. కొట్లో అమ్మే మల్టీగ్రెయిన్ పిండి ప్యాకెట్ల మీద ముందువైపు బొమ్మలు ఏం చూపించినా, వెనక రాసినది చదవండి. దేని పేరు ముందు రాశారో అదే ఎక్కువ ఉంటుంది. 100 గ్రాములకు పీచు ఎంతో రాసి ఉంటే అదీ అక్కడే చూడండి.

అన్నం మానకుండా

మన జిల్లాల్లో అన్నం మానమంటే ఎవరూ వినరు. వినాల్సిన పనీ లేదు. మిల్లులో వడ్ల పైన ఊక మాత్రం తీస్తే ముడి బియ్యం, ఆ తర్వాత పాలిష్ పట్టి తవుడు తీస్తే తెల్ల బియ్యం. శ్రీకాకుళం సన్నాలైనా, స్వర్ణైనా, సోనా మసూరైనా పూర్తి పాలిష్ పట్టాక పీచు దాదాపు ఒకటే. తెలిసిన రైతు దగ్గర వడ్లు కొని, ఒక్క పాలిష్‌తో ఆపించుకునేవాళ్లు మా చుట్టుపక్కల ఇప్పుడు బాగానే ఉన్నారు. ముడి బియ్యాన్ని రాత్రి నానబెడితే పొద్దున సులువుగా ఉడుకుతుంది. కానీ నిజం చెప్పాలి, తెల్లన్నం బదులు ముడి బియ్యం అన్నం అదే కొలతలో తింటే అంకెలో తేడా ఒక మాదిరిగానే ఉంటుంది. ఉప్పుడు బియ్యం కూడా పచ్చి బియ్యం కంటే నెమ్మదిగా అరుగుతుంది. హైదరాబాద్ వరి పరిశోధనా సంస్థ, అక్కడిదే జీవకణ పరిశోధనా సంస్థ సీసీఎంబీ కలిసి తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి దొరికితే మంచిదే, దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 50 దగ్గర ఉంటుంది, అది తక్కువ కిందే లెక్క.

నేను ఎక్కువగా చెప్పేది అన్నంలో బార్లీ కలపమని. బార్లీ ఇక్కడ పండదు, అయినా ప్రతి కిరాణా కొట్లో దొరుకుతుంది. ఒంటికి చలవని మనం బార్లీ నీళ్లు తాగి గింజలు పారేస్తాం. షుగర్ మనిషి తినాల్సింది ఆ గింజలు. 100 గ్రాముల బార్లీలో రకాన్ని బట్టి నాలుగైదు గ్రాముల బీటా గ్లూకాన్ ఉంటుంది. రాత్రి నానబెట్టి, ఉదయం కుక్కర్లో బాగా ఉడికించి, ఆ జిగురు నీళ్లు వార్చకుండా అన్నంలో సగానికి సగం కలపండి. కాస్త నమలాల్సి వస్తుంది. వారం తింటే అలవాటవుతుంది. పులుసులోకి, మజ్జిగలోకి బాగుంటుంది.

ఓట్స్ గురించి ఒక లెక్క చెప్పాలి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2011లో ఒప్పుకున్న ప్రకారం, భోజనంలో జీర్ణమయ్యే ప్రతి 30 గ్రాముల పిండిపదార్థానికి 4 గ్రాముల బీటా గ్లూకాన్ ఉంటే తిన్న తర్వాతి షుగర్ ఎగురుడు తగ్గుతుంది. 40 గ్రాముల ఓట్స్‌లో ఉండేది ఒకటిన్నర గ్రాముకి కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి ఇడ్లీ పిండిలో రెండు చెంచాల ఓట్స్ కలిపి, ఆరు ఇడ్లీలు తిని, షుగర్‌కి మంచి చేసే ఇడ్లీ తిన్నామనుకోవద్దు. ఓట్స్ తింటే అవే తినండి, మసాలా కలిపిన నిమిషాల ప్యాకెట్లు కాకుండా మందంగా ఉన్న అటుకుల్లాంటివి కొనండి.

ఒక పూట భోజనం ఇలా

మా ఇంట్లో రాత్రి చోడి నూక ముద్ద చేస్తాం. మనిషికి 50 గ్రాముల చొప్పున నూక కొలిచి, మధ్యాహ్నమే నానబెడతాం. గ్లాసు నూకకి సుమారు మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, ఉప్పు వేసి, నానిన నూక వేసి, సన్నటి సెగ మీద మూతపెట్టి మధ్యమధ్య కలుపుతూ ఉడికిస్తాం. చివర్లో గుప్పెడు చోడి పిండి చల్లి గట్టిగా కలిపితే ముద్ద కడుతుంది. 50 గ్రాముల చోళ్లలో పీచు ఐదున్నర గ్రాములు, పిండిపదార్థం 33 గ్రాముల వరకు ఉంటుంది. అదే తూకం బియ్యంలో పీచు ఒకటిన్నర గ్రాములే, పిండిపదార్థం 39.

ముద్ద ఒక్కటే తినం. ముందు తోటకూర వేపుడో ఆనపకాయ కూరో ఒక కప్పు నిండా తింటాం, తర్వాత పప్పో ఉలవచారో చేపో, ఆ తర్వాతే ముద్ద. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తింటే షుగర్ తక్కువగా ఎగురుతుందని మనుషుల మీద చేసిన పరీక్షల్లో తేలింది. రూపాయి ఖర్చు లేని పద్ధతి ఇది, దీన్ని ముందు మొదలుపెట్టండి. మన వైపు పులుసులో బెల్లం ముక్క వెయ్యకపోతే పులుసే కాదంటారు. అది చింతపండు తగ్గించి, ఉల్లిపాయ ఎక్కువ వేస్తే లేకుండానే కుదురుతుంది.

పొద్దున బార్లీ, పెసలు లాంటివి తింటే మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా షుగర్ కొంత తక్కువగా ఎగురుతుంది. కారణాల్లో ఒకటి, పీచులో కొంత భాగం పెద్దపేగులో పులియడం. అందుకే పొద్దుటి పూటను తేలిగ్గా తీసుకోకండి.

మీ ఒంటికి ఏది పడుతుందో చూసుకోవడం

ఒకే ముద్ద తిన్నా ఇద్దరికి ఒకేలా పెరగదు. నా అంకె చూసి మీరు తినకూడదు. గ్లూకోమీటర్ ఉంటే ఇలా చూడండి. రెండు వేరు వేరు రోజుల్లో అదే వేళకి, అదే కూరలతో తినండి. ఒక రోజు 50 గ్రాముల బియ్యం వండిన అన్నం, ఇంకో రోజు 50 గ్రాముల చోడి నూక ముద్ద. వండాక కాదు, వండకముందే తూచాలి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన వేళ నుంచి సరిగ్గా రెండు గంటలకు ఇంకోసారి చూడండి. తినడం పూర్తయినప్పటి నుంచి లెక్కపెడితే తప్పు అంకె వస్తుంది. స్ట్రిప్పులు ఉంటే గంటకు కూడా చూడండి, జావ తాగినప్పుడు పెరిగేది ఎక్కువగా ఆ మొదటి గంటలోనే. వేలు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి. వేలికి బెల్లమో పండు రసమో అంటుకుని ఉంటే మీటరు అదీ కలిపి చూపిస్తుంది.

రెండు అంకెల మధ్య తేడా ఎంతో పుస్తకంలో రాసుకోండి. తిన్న తర్వాత 180 దాటకూడదని చాలామంది డాక్టర్లు చెప్తారు. వయసును బట్టి, మిగతా జబ్బులను బట్టి మీకు వేరే హద్దు పెట్టి ఉంటే అదే పాటించండి. ఒక్కరోజు అంకె చూసి నిర్ణయానికి రావద్దు. నిద్ర లేకపోయినా, జ్వరం వచ్చినా, టెన్షన్ ఉన్నా మారుతుంది.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఇన్సులిన్ వాడేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గించి, బార్లీ, చోడి ముద్ద మొదలుపెడితే షుగర్ మరీ పడిపోవచ్చు. 70 కంటే తగ్గితే ప్రమాదం. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు తాగాలి. అప్పుడు పీచు, ముద్ద అని చూడకూడదు. తిండి మారుస్తున్నానని ముందే డాక్టరుకు చెప్పండి, మందు మోతాదు వాళ్లు సరిచేస్తారు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇది మరీ గట్టిగా చెప్పాలి. పలాస, కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానంలో ఎంతమంది బాధపడుతున్నారో మనందరికీ తెలుసు. పొట్టు తీయని ధాన్యాల్లో, ఉలవల్లో, పప్పుల్లో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంటే ఇక్కడ రాసినవేవీ మీ అంతట మీరు మొదలుపెట్టకండి. మీ కిడ్నీ డాక్టరు ఎంత వరకు తినమంటే అంత వరకే.

పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, గ్యాసు తప్పవు. మొదటి వారం రోజుకు ఒక పూటే మార్చండి, నీళ్లు ఎక్కువ తాగండి, కుదిరాక రెండో పూట చూడండి. పళ్లు లేని పెద్దవాళ్లకు నూక గుచ్చుకుంటుంటే ఇంకాసేపు నానబెట్టి, మెత్తగా ఉడికించి పెట్టండి, పొడి చేయకండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు పరగడుపున మాత్ర వేసుకున్నాక కనీసం అరగంట, గంట ఆగి తినాలి, పీచు ఎక్కువగా ఉన్న తిండి ఆ మందు ఒంటికి పట్టకుండా కొంత అడ్డుపడుతుంది.